మరిది కొట్లో బటన్ క్లచ్

ఆ చుట్టుపక్కల కారు నడిపే ఆడవాళ్లలో సగం మంది ఆమె చేతికింద నేర్చుకున్నవాళ్లే. అందరూ టీచరమ్మ అనేవారు. ఆమె నేర్పేది గేరు కారు నడపడం. ఎదుటివాళ్లు ఎన్ని తప్పులు చేసినా గొంతు పెంచేది కాదు. కానీ ఒకసారి మనసులో పెట్టుకున్నది మరిచిపోయే మనిషి కూడా కాదు. ఆమెది పాము పగ అని అత్తింట్లో నవ్వులాటకి అనుకునేవారు. ఆమె ఎన్నడూ కాదనలేదు.

ఆమె మరిదికి కార్ల సామాన్ల కొట్టు ఉండేది. గేరు రాడ్డుకి మెరిసే పిడులు, గేరు ఎప్పుడు మార్చాలో ఎర్రదీపం వెలిగించి చెప్పే పెట్టెలు, పెడళ్లకి వెండిరంగు తొడుగులు, ఒకటేమిటి, అన్నీ అమ్మేవాడు. మాటలతో కోటలు కట్టే రకం. ఒకరోజు వదిన బండికి తన చేత్తోనే తొడుగులు బిగించి, "ఇక కాలు జారదు వదినా, నాదీ పూచీ" అన్నాడు. వద్దంటే ఇంటిమనిషి నొచ్చుకుంటాడని ఆమె ఊరుకుంది.

కొన్నాళ్లకే, ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఒక నర్సు ఆ బండిని మలుపు తిప్పుతుండగా క్లచ్ మీది తొడుగు ఊడి, దొర్లి బ్రేకు కిందికి దూరింది. నర్సు ఎంత తొక్కినా బ్రేకు దిగలేదు. టీచరమ్మ కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు కూడా దానితో ముడిపడి ఉన్నదే కనుక అదీ బిగుసుకుంది. చేతి బ్రేకు లాగేలోపే బండి వెళ్లి దీపస్తంభాన్ని గుద్దుకుంది. నర్సుకి చిన్న గీత కూడా పడలేదు. టీచరమ్మ మోకాలిచిప్ప పగిలింది.

మోకాలి గురించి ఆమె పగ పట్టలేదు. తాను ఆసుపత్రి మంచం మీద ఉండగా మరిది చేసిన పనికి పట్టింది. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లతోనూ, తొడుగు నిక్షేపంలా ఉందనీ, వదినే ఫోను చూసుకుంటూ కూర్చుందనీ, వయసు మీదపడి చూపు ఆనడం లేదనీ చెప్పుకొచ్చాడు. నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. జరిగింది అది కాదని నర్సు చెప్పింది గానీ, స్టీరింగు పట్టుకోవడమే రాని మనిషి మాట ఎవరు చెవిన పెడతారు? భర్తతో చెప్పుకుంటే ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "పోనీలే, వాడికి ఆ కొట్టు తప్ప ఏముంది" అన్నాడు. ఆ 'పోనీలే' ఆమెకి మోకాలికన్నా ఎక్కువ సలిపింది.

చేతికర్ర సాయంతో నడవడం మొదలుపెట్టాక మళ్లీ నేర్పసాగింది. మిగిలిన కొద్దిమందీ ఏదో ఒకటి చూపించి, ఇది కొనొచ్చా టీచరమ్మా అని అడిగేవారు. పక్క అద్దానికి అంటించే చిన్న గుండ్రటి అద్దం కొనుక్కోమనేది. నేలకి కొక్కెంతో పట్టి ఉండే రబ్బరు చాప కూడా మంచిదే అనేది. కాలికీ పెడల్‌కీ మధ్య, చేతికీ గేరుకీ మధ్య దూరే వస్తువు ఏదైనా సరే దండగ అనేది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అయినా మరిది వ్యాపారానికి వెంట్రుకంత నష్టం కూడా రాలేదు.

అప్పుడు వచ్చింది బటన్ క్లచ్. గేరు పిడి మీద బటన్ నొక్కితే చిన్న మోటారు క్లచ్‌ని తానే తొక్కి, తానే వదులుతుందట. ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఒక దర్జీ సరదాపడి తన కారుకి బిగించుకొచ్చాడు. ఎత్తు మీద ఆపి మళ్లీ కదలబోతే మోటారు క్లచ్‌ని వదలకుండా పట్టుకుంది, కారు వెనక్కి జారింది. టీచరమ్మ చేతి బ్రేకు లాగి ఆపింది. ఆ వస్తువు పీకించెయ్యమని దర్జీకి చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు. దొరికిన నిప్పుని నివురు కప్పి దాచుకుంది.

ఒక ఆదివారం మరిది కొట్టు ముందు జనాన్ని పోగేసి ఆ బటన్‌ని తానే నడిపి చూపించాడు. చదును రోడ్డు మీద కారు వెన్నలా సాగింది. జనం చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కర్ర ఊతగా ముందుకి వచ్చింది.

"చదును మీద ఎవరైనా నడుపుతారు మరిదీ. ఆ ఎత్తు మీద ఆపి, మళ్లీ ఎక్కించు."

"దానికేం భాగ్యం వదినా."

"వెనకాల నీ కొత్త కారు పెట్టు. నీ సరుకు మీద నీకే నమ్మకం లేకపోతే మేమెలా కొంటాం?"

నలుగురూ నవ్వారు. ఇక కాదంటే పరువు పోతుంది. తన కొత్త కారు తెచ్చి వెనక నిలబెట్టాడు. టీచరమ్మే తిరిగి తిరిగి, కర్ర చాపి, ఒక్క మనిషి కూడా రోడ్డు మీద లేకుండా అందరినీ అరుగుల మీదికి ఎక్కించింది.

మరిది బటన్ నొక్కాడు. కారు కదలలేదు. మళ్లీ నొక్కాడు. కారు వెనక్కి జారుతుంటే బ్రేకు సంగతే మరిచిపోయి బటన్‌ని పొడుస్తూ కూర్చున్నాడు. కొత్త కారు మూతి లోపలికి పోయింది.

మొహం పాలిపోయి కిందికి దిగాడు. "నా తప్పేం లేదు. నేను నొక్కాను, అది వదల్లేదు. నేనేం చేసేది?"

"ఆ రోజు నా బ్రేకు కూడా దిగలేదు," అంది టీచరమ్మ. "మరి నేను ఫోను చూస్తున్నానని ఎందుకు చెప్పావు?"

గుమ్మంలో నిలబడ్డ మరిది భార్య లోపలికి వెళ్లి, కొట్టు షట్టరు కిందికి లాగేసింది.

పగ తీరితే మనసు వెలితి పడుతుందని పెద్దలు అంటారు. టీచరమ్మకి అలాంటిదేం కాలేదు. ఆ రోజు బాగా ఆకలేసి రెండోసారి వడ్డించుకుని తింది. తమ్ముణ్ణి బజారుకి ఈడ్చావని భర్త నిష్ఠూరమాడితే, "నన్ను ఈడ్చినప్పుడు మీరు పేపరు చదువుతున్నారు" అంది. ఆయన చాలా రోజులకి గానీ దారికి రాలేదు. నేర్చుకునేవాళ్లు కూడా తిరిగొచ్చారు. మరిది బటన్లూ తొడుగులూ మానేసి సీటు కవర్లు అమ్ముకుంటున్నాడు. తప్పయిందని చెప్పడానికి వస్తే గుమ్మంలోనే విని పంపించింది, కూర్చోమనలేదు.

తర్వాత ఒకనాడు తోడికోడలు కారు నేర్చుకుంటానని వచ్చింది. మొగుడికి ఇష్టం లేదని చెప్పింది. టీచరమ్మ వెంటనే తాళాలు తీసింది. మొదటి వీధి దాటగానే తోడికోడలు తడబడుతూ అడిగింది.

"కొట్టు ముందు నుంచి కాకుండా వేరే దారి లేదా అక్కా?"

"ఉంది. మనం ఇటే పోదాం. రెండో గేరు వెయ్యి."