గాలి తీసిన ట్యూబు

మొన్న మా మనవరాలు మనాలి నుంచి ఫోనులో ఒక వీడియో పంపింది. మంచు కొండ మీద పెద్ద పెద్ద గాలి ట్యూబుల్లో అది, దాని వెనక నా కోడలు, ఆ వెనక కోడలి తల్లి, ముగ్గురూ వరసగా జారిపోతూ కేకలు పెడుతున్నారు. మా వియ్యపురాలికి అరవై దాటి చాలా కాలమైంది; మోకాళ్ల నొప్పులని మా ఇంటి నాలుగు మెట్లెక్కడానికి మూలిగే మనిషి. చూసినవాళ్లందరూ ముచ్చటపడ్డారు. నాకు మాత్రం, మీ దగ్గర దాపరికమెందుకు, ఒళ్లు మండింది. ఎనభై ఏళ్ల ముసలిదానికి ఈ కుళ్లేమిటని మీరు నవ్వవచ్చు గానీ, ఇది ఈనాటి కుళ్లు కాదు, నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది నాటిది.

అప్పుడు మేము నంద్యాలలో ఉండేవాళ్లం. నాయన బియ్యం మిల్లులో పనిచేసేవాడు. అమ్మ పుట్టిల్లు ఆళ్లగడ్డ. అక్కడ అవ్వ, లారీ తోలే మామ, మామ కొడుకులు ఇద్దరూ ఉండేవారు. ఏటా కార్తీకంలో ఒకసారి మామ మమ్మల్నందరినీ లారీలో ఎక్కించుకుని అహోబిలం తీసుకెళ్లి, దర్శనమయ్యాక కొండ పక్కన ఏటి ఒడ్డున వంట చేయించేవాడు. ఏటికి ఎదురుగా ఒక ఏటవాలు మిట్ట, దాని నిండా పండి వాలిపోయిన బోదగడ్డి, కాలు పెడితే సర్రున జారేది. మామ గాలి నింపిన పాత లారీ ట్యూబును భుజాన వేసుకుని పైకెక్కి, పిల్లల్ని ఒక్కొక్కరినే దాంట్లో కూర్చోబెట్టి వదిలేవాడు. కింద ఇసుకలో పడేదాకా పైప్రాణాలు పైనే పోయేవి. అంతకు ముందు రెండేళ్లూ అందరికంటే ఎక్కువసార్లు జారింది నేనే.

ఆ ఏడు మాత్రం నాకు ఓణీ వేశారు. పెద్దమనిషినై అప్పటికి నెలన్నర. ఓణీ పడ్డ పిల్ల మగపిల్లల నడుమ గెంతులు వేయకూడదన్నది మా ఇళ్లలో ఎవరూ ప్రశ్నించని మాట. లారీ దిగీ దిగకముందే అమ్మ చెప్పేసింది. "నువ్వు ఈడ కూచొని వంకాయలు తరుగు. యాడికీ పోవద్దు." నాకన్నా రెండేళ్లు చిన్నదైన చెల్లెలు గౌను మోకాళ్ల మీదికి లాక్కుని మిట్టెక్కేసింది.

తరిగాను. పురుగున్నదీ లేనిదీ చూడకుండా తరిగి నీళ్లలో పడేశాను. చెల్లెలు జారిన ప్రతిసారీ పైనుంచి "అక్కా, నన్ను చూడు!" అని అరిచేది. ప్రేమతోనే పిలిచి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను, అప్పుడు మాత్రం నన్ను ఉడికించడానికే అనిపించింది. దాని కాలు విరగాలని, అప్పుడే దర్శనం చేసుకుని వచ్చిన స్వామికే మొక్కుకున్నాను.

భోజనాలకని అందరూ కిందికి దిగారు. ట్యూబును ఒక బండ చాటున ఆనించారు. చేతులు కడుక్కునే మిషతో నేను అటు వెళ్లి, మామ చేస్తుండగా చూసిన పనే గనక, మూత విప్పి జడపిన్నుతో లోపలి సూదిని నొక్కి పట్టుకున్నాను. బుస్సుమనే చప్పుడు బయటికి రాకుండా ఓణీ చుట్టాను. ట్యూబు చప్పబడేకొద్దీ నా కడుపు చల్లబడింది. ఇక ఎవరూ జారరు. వచ్చి హాయిగా రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

తిన్నాక అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ అమ్మ వైపు తిరిగింది. "ఆ పిల్ల మొగం సూసినావా? పొద్దున్నించీ అట్లే ఉండాది. ఒక్కతూరి పోనీ. నేను ఎనక కూచొని పట్టుకుంటా. ముసిల్ది తోడుంటే ఎవురేమంటారు?"

నీకేమైనా పిచ్చి పట్టిందా అని అమ్మ గొణిగింది. అవ్వ అప్పటికే కుచ్చెళ్లు ఎగదోపుకుంది. "నాకూ జారి సూడాలని ఉండాదిలేమ్మీ" అంది, చిన్నగా. అన్నేళ్లలో పొయ్యి దగ్గర తప్ప ఆ ఏటి ఒడ్డున ఇంకెక్కడా అవ్వ కూర్చోగా నేను చూడలేదు.

మామ నవ్వుకుంటూ ట్యూబు కోసం వెళ్లాడు. తోలుతిత్తిలా వేలాడుతున్నదాన్ని ఎత్తుకొచ్చి, "ముల్లు ఇరిగి గాలి పోయినట్టుంది మా. పంపు సూస్తే ఇంటికాడ ఉండాది" అన్నాడు. మూత లేకపోవడం చూశాడేమో, ఒక్కసారి నా వైపు తిరిగి, ట్యూబును చుట్టి లారీలో పడేశాడు. అవ్వ ఎగదోపిన కుచ్చెళ్లు విడిచి, "పోనీలే, వచ్చే ఏడు పోదాం" అని గిన్నెలు తోమడానికి ఏట్లోకి దిగింది.

వచ్చే ఏటికి అవ్వ లేదు.

ఈ సంగతి చెల్లెలికి కూడా నేను చెప్పలేదు. ఇప్పుడు ఓణీ పడిందని ఏ పిల్లనూ ఆటలోంచి లేపి కూర్చోబెట్టడం లేదు. సంతోషమే, కుళ్లూ ఉంది, రెండూ నిజమే. మా కాలపు ఆడవాళ్లం ఎవరో ఒకరు పోనీ అంటేనే పోయేవాళ్లం. అవ్వకు ఆ మాట అన్నవాళ్లు ఎవరూ లేరు. నాకు తోడన్న సాకుతో ఆ ఒక్క రోజు తనకు తానే పోనీ అనుకుంది. అప్పుడు పోనివ్వనిది నేను.