మావయ్య సన్మానపత్రంలో రెండో పేజీ

ఆ రోజుల్లో నాకున్నంత అలంకార జ్ఞానం ఖరగ్‌పూర్ మొత్తంలో ఇంకెవరికీ లేదని నాకు గట్టి నమ్మకం. (కాదనడానికి ఎవరూ పోటీకి రాలేదు కూడా.) దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. అప్పుడే పూర్తయింది. ఊళ్లోని తెలుగు బడిలో ఉద్యోగం వచ్చి ఆరు నెలలైంది. పదో తరగతికి ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష చెప్పీ చెప్పీ, ఎవరేం మాట్లాడినా నాకు మాటలు వినిపించడం మానేసి అలంకారాలే వినిపిస్తుండేవి. ఇందా బజారు నుంచి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, వస్తుంటే డ్రైవరు "ఈ ఎండకి మెదడు కరిగిపోతోంది దీదీ" అన్నాడనుకోండి, అయ్యో పాపం అనాల్సింది పోయి, "అతిశయోక్తి" అని మనసులో టిక్కు పెట్టుకునేదాన్ని. అలాంటి మనిషి చేతికి కలమిచ్చారు. ఏమైందో తలుచుకుంటే తొమ్మిదేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది. నా మీద కాదు లెండి, మిగతా అందరి మీదా.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన రిటైరయ్యే నెల వచ్చింది. మా ఊళ్లో తెలుగువాడెవరు రిటైరైనా మన తెలుగు సంఘంవాళ్లు శాలువా కప్పి, దండేసి, సన్మానపత్రం చదివి ఇస్తారు. దాన్ని ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించుకోవాలి. ఏ ఇంట్లో చూసినా అదే పత్రం, పేరొక్కటే మారుతుంది. (ఒకాయన పత్రంలో అదీ సరిగ్గా మారలేదు. అంతకుముందు రిటైరైనాయన భార్య పేరు అందులో ఇప్పటికీ ఉంది.) సాహిత్యం చదువుకున్న మేనకోడలు ఉండగా మా మావయ్యకి ఈ గతి పట్టడమా అని నాకు మహా కోపం వచ్చింది. నేనే రాస్తానన్నాను. "రాయే తల్లీ, సదువుకున్నదానివి, నీకు కాక ఇంకెవులికి తెలుస్తాది" అన్నాడు మావయ్య.

మూడు ఆదివారాలు కూర్చుని వ్యాజస్తుతిలో రాశాను. పైకి తిడుతున్నట్టుంటుంది, తీరా చూస్తే అదంతా పొగడ్తే. మొదటి పేజీలో ఈయన సోమరి, పిసినారి, చూపు ఆననివాడు అని వరసగా నిందలు. రెండో పేజీలో ఒక్కొక్క ముడీ విప్పుతాను. షిఫ్టయ్యాక ఇంటికి నడవడానికి బద్ధకించి, చేతిలో పని పూర్తయ్యేదాకా షాపులోనే ఉండిపోయే సోమరి. తన సెలవుల్ని కూడా ఖర్చు పెట్టుకోలేని పిసినారి. పక్కవాడి తప్పు కళ్లెదుట ఉన్నా చూడలేనివాడు. మొదటి పేజీకి జనం ఊపిరి బిగపట్టాలి, రెండో పేజీకి హాలు దద్దరిల్లాలి. అదీ నా పథకం.

సన్మానం సుభాష్‌పల్లిలోని సంఘం హాల్లో. పత్రం చదవడం ఎప్పుడూ సంఘం కార్యదర్శి వంతే. ఊరంతా ఆయన్ని మైకు బాబాయి అంటారు. వర్క్‌షాపు నుంచి పెద్దాఫీసరు వచ్చాడు, ఆయనకి తెలుగు రాదు. అందుకని బాబాయి ఒక్కో వాక్యం తెలుగులో చదివి, వెంటనే హిందీలో చెప్పడం ఆనవాయితీ. "మాన్యులారా, వీరు ఒట్టి సోమరి" అని చదివేసి, చదివాక తెల్లబోయి, అయినా అలవాటు కొద్దీ ఆఫీసరు వైపు తిరిగి "సాబ్, యే ఆద్మీ ఆల్సీ హై" అన్నాడు. ఆఫీసరు తల ఊపడం ఆగిపోయింది. పిసినారి కూడా అయింది. చూపు దగ్గరికి వచ్చేసరికి బాబాయి గొంతు సన్నబడింది. ఆఫీసరు "ఠీక్ హై, ఠీక్ హై" అని చెయ్యెత్తాడు. అంతే, బాబాయి కాగితాలు మడిచేసి, "సమయాభావం వల్ల మిగతాది చదివినట్టుగా భావించవలసింది" అన్నాడు.

నేను మూడో వరసలోంచి లేచి, "రెండో పేజీ చదవండి బాబాయ్, అది వ్యాజస్తుతి" అని అరిచాను. ఆయన మైకులోనే, "ఇంటి గొడవలు ఇంటికాడ సూసుకోండమ్మా" అన్నాడు. ఎంత అన్యాయమో చూడండి. సగం పద్యం చదివి కవిని ఉరి తీస్తారా ఎవరైనా?

అప్పుడు మావయ్య మైకు తీసుకున్నాడు. "ఇది మా మేనగోడలు రాసింది. సదువుకున్నది, అబద్ధం రాయదు. సోమరినే. పిసినారినే. సూపు కూడా ఆనదు. ఇన్నేళ్లు ఇలాటోడితో సర్దుకున్నారు, మీకు దండాలు" అని కూర్చున్నాడు. ఎంత వినయం అంటూ అందరూ చప్పట్లు కొట్టారు. నా అలంకారాన్ని పట్టించుకున్నవాడు లేడు. నేను కోపంతో ఉడికిపోతూనే చూశాను, మావయ్య భుజం మీద సరిగ్గానే ఉన్న శాలువాని రెండుసార్లు సర్దుకున్నాడు. అప్పుడు మాత్రం నాకు సిగ్గేసింది.

ఇంటికి వెళ్లాక అత్త నాకు టీ ఇవ్వలేదు. "నలుగురిలో మనిషిని ఇలగ సేసినావేటే" అంది. నేను రెండో పేజీ తీసి గట్టిగా చదివి, లక్షణం చెప్పి, ఉదాహరణలిచ్చి, క్లాసు పీకాను. మావయ్య శ్రద్ధగా విన్నాడు.

"బాగుందే. అయితే ఇదంతా పొగడ్తేనా?"

"మొత్తం పొగడ్తే మావయ్యా."

మావయ్య ముందు గది గోడ వైపు చూశాడు. "తల్లీ, ఒకటి అడుగుతాను, కోప్పడకు. అందరిళ్లలోనూ ఉంటాది సూడు, అలాటిదొకటి నాకూ రాసెట్టు. గోడకి ఏసుకుంటాను."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా రాశాను. కర్మయోగి అని రాశాను, అజాతశత్రువు అని రాశాను, మృదుభాషి అని కూడా రాశాను. (మిషన్ల మోతలో బతికినవాడు, ఆయన గుసగుస పక్క వీధికి వినిపిస్తుంది.) ఫ్రేము కట్టి వచ్చిన రోజు మావయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని, నిలబడి, గట్టిగా చదివాడు. వంటింట్లోంచి అత్తని పిలిచి, మళ్లీ మొదటినుంచి చదివాడు. నేను పక్కన పళ్లు నూరుకుంటూ, ఇందులో నాదంటూ ఒక్క మాటైనా లేదే అనుకుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. తొమ్మిదేళ్ల కిందటి ఆ పిల్ల ఇప్పుడు నాకు కనిపిస్తే చెవి పట్టుకుని ఇటు తిప్పి, ఆ బయట ఏముందే, మావయ్య మొహం చూడు అని చెప్పేదాన్ని.