బుఖూర్ కుంపట్లో ఎండుమిరపకాయలు

కువైట్ ఇళ్లలోకి కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పడం ఏమంత కష్టం కాదు. మర్యాదలు నేర్పడమే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి యజమానురాలిని పనివాళ్లమంతా మామా అంటాం. మా మామా దగ్గర నేను చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, మా రాయచోటి వైపు నుంచి ఒక అమ్మాయి రెండో పనిమనిషిగా దిగినప్పుడు ఆ నేర్పే భారం నా నెత్తినే పడింది.

మొదటి శుక్రవారమే నా పరువు తీసింది. చుట్టాలకు ఖహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోసేటప్పుడు కూజా ఎడమచేత పట్టుకుని, చిన్న కప్పు కుడిచేత్తో అందించాలి. తాగినామె కప్పును అటూ ఇటూ ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఊపిందంటే చాలని అర్థం. ఈ మహాతల్లి ఊపినా పోసింది. మామావాళ్ల పెద్దత్త పాపం మొహమాటానికి తాగుతూనే ఉంది.

వంటింట్లోకి లాక్కొచ్చి అడిగాను. “ఏమ్మే, కప్పు ఊపితే ఆపమని చెప్పినా కదా. చెవులు ఊర్లోనే పెట్టొచ్చినావా?”

“ఏసీ చలికి పెద్దామె చెయ్యి వణుకుతాందేమో అనుకున్న్యా అక్కా,” అంది. తిట్టబోయినదాన్ని నవ్వేశాను.

ఒక్క సంగతి మాత్రం చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను. “మామా చంటిబిడ్డను చూసి ముద్దుగా ఉందని ఊరికే అనొద్దు. ముందు మాషా అల్లా అనాల. అది అనకుండా పొగిడితే మనం కన్ను పెట్టినట్టే.” అది బాగా తలకెక్కించుకుంది. బిడ్డను చూసిన ప్రతిసారీ మాషా అల్లా అనేది.

ఒకరోజు మధ్యాహ్నం చుట్టాలు వెళ్లిపోయాక బిడ్డకు ఒళ్లు కాలిపోయింది. పాలు ముట్టదు, ఏడుపు ఆపదు. డాక్టరు మందిచ్చాడు. మామా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చదివి ఊదింది. ఆ తర్వాత ఆ రోజు వచ్చిన ఆడవాళ్లను ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ, బిడ్డను ఎవరెత్తుకున్నారు, ఎవరేమన్నారు అని నన్ను అడిగింది. మామా అరిస్తే నాకు భయం లేదు. ఆ రోజు గొంతు తగ్గించి అడుగుతోంది.

కాసేపటికి నేను పైన బట్టలు ఇస్త్రీ చేస్తుండగా ఏసీ గొట్టాల్లోంచి ఘాటు దిగింది. ఇల్లంతా దగ్గు. ఆ వాసన ఏమిటో నాకు క్షణంలో తెలిసిపోయింది. చేతిలోది అక్కడే పడేసి కిందికి పరిగెత్తాను.

హాల్లో సోఫా మీద బిడ్డ పడుకుని ఉంది. చుట్టాల కోసం బుఖూర్ అనే సుగంధపు పొగ వేసిన కుంపట్లో బొగ్గులు ఇంకా ఆరలేదు. ఈ పిల్ల ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అని గొణుగుతూ బిడ్డ చుట్టూ తిప్పి, అందులో పారేసింది. మా లెక్కన ఘాటొచ్చి దగ్గితే దిష్టి తగల్లేదని.

“బిడ్డకేం లేదక్కా, దిష్టి తగల్లేదు,” అంది నాతో, దగ్గుతూనే, మొహమంతా సంతోషంతో.

ఆ పిల్ల వెనక గుమ్మంలో మామా నిలబడి ఉంది.

“సిహర్,” అంది నెమ్మదిగా. చేతబడి అని.

కన్ను తగలడం వాళ్లూ నమ్ముతారు, మేమూ నమ్ముతాం. కానీ తెలియని మాటలు గొణుగుతూ, గుప్పిలి మూసి బిడ్డ మీద తిప్పి నిప్పుల్లో వేస్తే, అది దిష్టి తీయడమని వాళ్లకెలా తెలుస్తుంది? పెట్టడమనుకుంటారు. ఆ మాట పోలీసుల దాకా పోతే ఈ పిల్ల మళ్లీ తన ఊరు ఎప్పుడు చూస్తుందో ఎవరూ చెప్పలేరు. మామా ఫోను తీసింది.

నేను అడ్డం వెళ్లి నాకొచ్చిన అరబిక్‌లో చెప్పాను. “మామా, ఇది చేతబడి కాదు. మా ఊళ్లో తల్లులు బిడ్డలకు చేసేదే.”

మామా ఫోను దించింది. “అయితే నువ్వూ నా పిల్లలకు చేశావా?”

లేదనొచ్చు. లేదంటే పాపమంతా ఆ పిల్ల ఒక్కదాని మీదే పడుతుంది.

“చేశాను మామా. పెద్దపాప చంటిదిగా ఉన్నప్పుడు, పాలు తాగక ఏడ్చిన రోజుల్లో. నా బిడ్డ అనుకునే చేశాను.”

ఆ పెద్దపాప ఇప్పుడు కాలేజీకి పోతోంది. దగ్గు విని దిగి వచ్చి, మెట్ల మీద ఆగిపోయి, అంతా వింది.

మామా పోలీసులకు చేయలేదు. ఆ పిల్లను తెచ్చిన ఏజెన్సీ ఆఫీసుకు చేసి, టికెట్ తీసి పంపేయమంది. “ఖలాస్,” అని ఫోను పెట్టేసింది. సాయంత్రానికే బండి వచ్చింది. “నేనేం తప్పు చేసినాక్కా?” అని ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. “ఏం చేయలేదు లేమ్మా, గమ్మున ఇంటికి పో,” అన్నాను. తర్వాత తను క్షేమంగా చేరానని ఊరి నుంచి ఫోను చేసినప్పుడు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

బిడ్డకు జ్వరం తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నన్ను ఎందుకు ఉంచుకున్నారో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్ల వెళ్లిన మర్నాడు పొద్దున పెద్దపాపకు టీ తీసుకెళ్లాను. షుక్రన్ అంటూ మర్యాదగా అందుకుంది. కప్పులోకి కాసేపు చూసి, మళ్లీ నాకే చాపింది.

“ముందు నువ్వు తాగు,” అంది.

తాగాను. ఆ రోజు నుంచి ప్రతి కప్పూ ముందు నేనే తాగుతున్నాను.