‘టేక్’ అంటే ‘ఇటాఫ్’

తెలంగాణ వచ్చిన కొత్తల మా దేవరకొండ దిక్కు గల్లీకో ఇంగ్లీషు మీడియం బడి లేసింది. ఇంగ్లీషు వచ్చినోళ్లు మాత్రం గల్లీకొకరు లేకుండె. గందుకే నాసొంటోనికి కొలువు దొరికింది. డిగ్రీ అప్పుడే పాసైన. మెడల టై కట్టుకుంటె ఉరి పోసుకున్నట్టుండేది, అయినా పోరగాండ్లు ‘సార్, సార్’ అంటుంటె ఛాతీ ఉబ్బేది. ఇప్పుడు తలుచుకుంటె నవ్వొస్తది, సిగ్గొస్తది. నవ్విన కాసేపటికి ఏడుపు కూడ వస్తది.

అన్నిట్లకెల్ల నన్ను సతాయించినయి ఇంగ్లీషు క్రియలు. మనం ‘దాన్ని తియ్యి’ అంటె అయిపాయె. వాళ్లకట్ల కాదు, ‘టేక్’ ముందుండాలె, ‘ఆఫ్’ ఎనకుండాలె, నడిమిట్ల ‘ఇట్’ ఇరుక్కొని కూసోవాలె. ‘టేక్ ఆఫ్ ఇట్’ అంటె తప్పు. పోనీ అన్నిట్లకు గంతేనా అంటె అదీ కాదు, ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ కాడ ‘హిమ్’ పోయి చివర్ల నిలవడ్తది. ‘ఎందుకు సార్?’ అని ఓ పిల్ల అడిగింది. ‘నోరు మూసుకొని రాసుకో’ అన్న (నాకు తెలిస్తె గద చెప్పెటందుకు!). ఇగ మా సార్లు మాకు చెప్పిన పద్ధతే పట్టుకున్న. మా దిక్కు సార్లు మాట సగం చెప్పి ఆగుతరు, మిగిలింది క్లాసంతా ఒర్రుతది. ‘భూమి గుండ్రంగా ఉంటుం...’ అంటె ‘ది!’ అన్నట్టు. నేను ‘టేక్’ అంటె పిల్లలు ‘ఇటాఫ్!’, నేను ‘పుట్’ అంటె వాళ్లు ‘ఇటాన్!’, ‘లుక్ ఆఫ్టర్’ అంటె ‘హిమ్!’. పైన రేకులు లేసిపోయేటట్టు ఒర్రెటోళ్లు. సమజైందా అని నేను అడగలే, కాలేదని వాళ్లు చెప్పలే.

గా యేడే బాపుకు పక్షవాతం కొట్టింది. బాపు గొర్లు కాసెటోడు. గుట్ట అంచున నిలవడి ఒక్క కేకేస్తె కిందున్న మందంతా మర్లేది. గా గొంతు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినంక ఏడ్వలే గని, చిన్నాయిన వచ్చి మందను తోలుకపోతుంటె పిలుద్దామని నోరు తెరిచి, సప్పుడు రాక, అప్పుడేడ్చిండు. ‘ఊకె మాట్లాడిస్తుండుర్రి, ఇడిసిపెడితె నాలుక మొద్దువారుతది, ఇగ మాట రాదు’ అన్నది దవాఖానల డాక్టరమ్మ. ‘నా పేరు చెప్పయ్యా, నీ కొడుకు పేరు చెప్పు’ అని అమ్మ పొద్దంతా బతిలాడేది. బాపు పెదవులు కదిలేటియి, మాట మాత్రం మొదలయ్యేది కాదు. నెల దాటింది. నేనేం చేసిన? నల్లగొండల ఓ పెద్ద బడిల కొలువు కోసం డెమో క్లాసు చెప్పాల్నని, బాపు మంచం ముంగట నిలవడి, సారు నేనే, పిల్లలు నేనే అయ్యి ‘టేక్, ఇటాఫ్, పుట్, ఇటాన్’ అని రోజూ ప్రాక్టీసు చేసుకున్న. (లేసి పోలేని విద్యార్థి ఇంట్ల ఆయనొక్కడే. గిది రాస్తుంటె నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తాంది.)

డెమో నాడు తెల్వని పిల్లలు, ఎనక బెంచీల ప్రిన్సిపాల్ మేడమ్. నేను కాలి చెప్పు ఇడిసి చూపెట్టి ‘టేక్...’ అని, చెవి కాడ చెయ్యి పెట్టుకొని ఆగిన. పిల్లలు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. ‘పుట్...’ అన్న. ఫ్యాను తిరుగుతాంది. ముందు బెంచీల ఓ పిల్ల, నేను పాఠం మర్చిపోయిన్ననుకొని, పాపం, తన పుస్తకం తెచ్చి నా చేతిల పెట్టింది. ‘సార్, మీరు సగమే చెప్తున్నరు. మిగిలింది ఎవరు చెప్పాలి?’ అన్నది మేడమ్. ‘పిల్లలు మేడమ్’ అన్న. ‘వాళ్లకే వస్తే మీరెందుకు?’ అన్నది. ఒక కాలి చెప్పుతోటే బయటికొచ్చిన (రెండోది కోసం మల్ల పోవాల్సొచ్చింది).

ఇంటికొచ్చి అమ్మ మీద గాయిగాయి చేసిన. ‘గంత పెద్ద బడి పోరగాండ్లకు గింత తెల్వదే! నేను టేక్ అన్న...’ అని ఊపిరి తీసుకుందామని ఆగిన. మంచంలకెల్లి ‘ఇ...టా...ఫ్’ అని వినవడ్డది.

అమ్మ చేతిల చాట కింద పడ్డది. ‘మాటొచ్చిందిరా! ఏమన్నడురా?’ అన్నది. ‘ఇంగ్లీషే అమ్మా’ అన్న. ‘ఓరి దేవుడా, నా పేరు రాలె గని ఇంగ్లీషొచ్చిందా!’ అని నవ్వుకుంటనే ఏడ్చింది. నేను ‘పుట్...’ అన్న. ‘ఇటాన్’ అన్నడు బాపు. అప్పుడు సమజైంది, ఆయనకు మాట మొదలువెట్టరాదు గని ముగించుడు వస్తది. ఇగ మా ఇల్లే నా క్లాసైంది. ‘అన్నం తిం...’ అంటె ‘ట’. ‘నీళ్లు తాగు...’ అంటె ‘త’. ముప్పై ఏండ్ల సంసారంల బాపును ఒక్క మాట పూర్తిగ చెప్పనియ్యని అమ్మ, ప్రతి మాట సగంల ఆపి ఆయన నోరు చూసుకుంట కూసునేది. (కోపమొస్తె మాత్రం మర్చిపోయి మొత్తం తనే తిట్టేది.) ‘మందను పిలువు బాపూ’ అని ఎన్నిసార్లు అడిగిన్నో. ఆ కేక రాలే. అది ఎట్ల మొదలైతదో నాకు తెల్వకపాయె. ఒక్కనాడన్న బాపు ఎంబడి గుట్టకు పోతె గద!

పొద్దుగాల బడికి పోయేటప్పుడు గడప కాడ ‘పోయి...’ అని ఆగెటోన్ని. ‘రా’ అనెటోడు. మూడేండ్లు నడిచింది గట్ల. ఒకనాడు ‘పోయి...’ అని ఆగిన. బస్సు హారన్ కొట్టింది. మల్లొక్కసారి ‘పోయి...’ అన్న. లోపలికెల్లి అమ్మ ఉరికొచ్చింది.

ఇప్పుడు సర్కారు బడిల ఉన్న. ‘ఇట్’ నడిమిట్ల ఎందుకు కూసుంటదో నేర్చుకున్న, పిల్లలడిగితె నిమ్మళంగ చెప్త. సగం మాట పద్ధతి క్లాసుల ఎన్నడో ఇడిసిన. గడప కాడనే ఇడువలేకపోయిన. ‘పోయి’ అనుకుంట నిలవడ్త. ‘ఎవ్వల కోసం చూస్తున్నవ్, బస్సు పోతాంది’ అంటది నా పెండ్లాం. టై కట్టుకొని బాపు మంచం ముంగట ఒర్రిన గా పోరడు యాదికొచ్చి నవ్వొస్తది. ‘ఏం లేదు, చెప్పు సరిచేసుకుంటున్న’ అంట.