మొదటి స్లైడులోని మనిషి

అప్పట్లో నేను రోజూ కోరుట్ల నుంచి బస్సులో జగిత్యాల వెళ్లి, ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. సాంచా మీద, అంటే మరమగ్గం మీద, పడుగు పోగు తెగిన క్షణంలోనే మగ్గాన్ని ఆపేసే పరికరం మాది. పరికరం మంచిదే, ఆ మాట ఇప్పటికీ అంటాను. అబద్ధమంతా దాని ముందు మేం చెప్పుకునే పరిచయంలో ఉంది.

"పాతికేళ్ల అనుభవం, పది రాష్ట్రాల్లో కస్టమర్లు" అని మొదటి స్లైడు. కంపెనీ పెట్టి రెండేళ్లు. ఉన్నది ఐదుగురం. ఇదేమిటని అడిగితే మా సారు నవ్వారు.

"చిన్నగ చెప్పుకుంటే చిన్నగనే చూస్తరమ్మా. అందరు గిట్లనే చెప్తరు. నువ్వు సదువు, చాలు."

చదివాను. సిరిసిల్లలో ఒక కార్ఖానాలో, నాలుగైదు సాంచాలు నడుపుకునే ఆసాములు పదిహేను మంది ముందు, గొంతు పెంచి మరీ చదివాను. అదే స్లైడు మీద సాంచా పక్కన నిలబడి నవ్వుతున్న ఒక ముసలాయన ఫొటో ఉంది. కింద 'మా కస్టమర్' అని రాసి ఉంది.

వెనక కూర్చున్న ఒకామె లేచింది.

"గా ఫొటోల ఉన్నది మా బాపు. ఎన్నడో పేపరోళ్లు తీసుకున్న ఫొటో అది. మా బాపు సచ్చిపోయి ఐదేండ్లాయె. మీ మిషిన్ ఎప్పుడు కొన్నడు?"

 

"నాకు తెల్వదక్కా," అన్నాను.

"తెల్వకుంటనే సదువుతున్నవా?"

ఆ ఫొటో సంగతి నాకు నిజంగానే తెలియదు. కానీ పాతికేళ్ల సంగతి తెలుసు కదా! లాప్‌టాప్ మూసేసి ఉన్నదున్నట్టు చెప్పాను. రెండేళ్ల కంపెనీ అని, ఐదుగురమే అని, ఇప్పటిదాకా మూడు కార్ఖానాల్లో బిగించామని. సగం మంది లేచి వెళ్లిపోయారు. ఆమె వెళ్లలేదు. నేను పరికరం బిగించి చూపిస్తే, తనే కత్తెర తీసుకుని మూడుసార్లు పోగు కత్తిరించింది. మూడుసార్లూ సాంచా ఆగింది.

"మంచిగనే ఉన్నది గదనే! మరి మా బాపును ఎందుకు గుంజుకొచ్చిన్రు?"



మర్నాడు ఆఫీసులో అడుగు పెడుతూనే సారును నిలదీశాను. ఆయన కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"ఆ ఫొటో ఇంటర్నెట్ల దొరికింది. ఎవలదో నాకేం ఎరుక?"

"చనిపోయిన మనిషి సార్! ఆయన బిడ్డ ముందు నిలబెట్టి చదివించిన్రు నాతోని. ఆమెకు ఫోన్ చేసి తప్పైందని చెప్పుండ్రి."

"నీకు నౌకరి కావాల్నా, వద్దా?"

"గా స్లైడు ఉంటే వద్దు."

సాయంత్రానికి స్లైడు పోయింది. ఆమె ఎక్కడ ఫిర్యాదు చేస్తుందోనన్న భయంతో తీసేశారు, సిగ్గుపడి కాదు. ఫోన్ మాత్రం చేయలేదు. క్షమాపణ నేనే చెప్పాను, మళ్లీ సిరిసిల్ల వెళ్లి. ఆమె చాయ్ పోసింది గానీ పరికరం కొనలేదు. కొనమని నేనూ అడగలేదు.

ఆ తర్వాత ప్రతి డెమోలో మేం ఎవరమో, ఎంతమందిమో, ఏ మూడు కార్ఖానాలను అడిగి తెలుసుకోవచ్చో ముందే చెప్పేదాన్ని. "గింత చిన్న కంపెనీయా?" అని నవ్విన వాళ్లే అక్కడికి ఫోన్ చేసి కనుక్కుని, ఆర్డర్లు ఇచ్చారు.

ఏడాది తిరిగాక కొత్తగా చేరినవాళ్లకు సారు పాఠం చెబుతుంటే విన్నాను. "ఉన్నదున్నట్టు చెప్పుడు మొదటి సంది మన కంపెనీ పద్ధతి," అంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.