ఆషాఢానికి ముందు కర్నూల్లో మా ఇల్లు

మగ్గం మీద పడుగు అయిపోయింది కాబట్టి మేం హనీమూన్‌కి వెళ్లాం. ఆ నిలువు పోగులు మగ్గం మీద ఉన్నంతకాలం నేసేవాడు ఊరు కదలడు. ఒక పడుగు దిగి కొత్త పడుగు ఎక్కేలోపు దొరికే నాలుగైదు రోజులే సెలవు. మా బావకు, అంటే మా ఆయనకు, ఆ సెలవు సరిగ్గా జ్యేష్ఠం చివర్లో దొరికింది. కొత్త పడుగు శుక్రవారం వస్తుంది. గురువారం అమావాస్య, ఆ మర్నాటి నుంచి ఆషాఢం. ఆషాఢమంటే కొత్త కోడలు పుట్టింటికి పోయి నెలంతా మొగుడి మొహం చూడకుండా ఉండాలి. చూడటానికి నాకింకా ఆ మొహం సరిగ్గా దొరకనే లేదు!

మాది కడప దగ్గర మాధవరం. ఇంట్లో ఉన్న ఒకే పెద్ద గదిలో మగ్గం ఉంటుంది. దాని చుట్టూ అత్త, మామ, మరిది, అవ్వ పడుకుంటారు. మాకిచ్చిన మూలకు తలుపు లేదు, పాత చీర అడ్డం కట్టారు. పెళ్లయిన దగ్గర్నుంచి మేమిద్దరం గుసగుసలతోనే కాపురం చేస్తున్నాం. ఒకసారి బావ ఏదో జోకు చెబితే నవ్వాను. వెంటనే అవతల్నుంచి అవ్వ, "ఏందే, నాకూ చెప్పు" అంది.

అందుకే ఊటీ, గోవా అని స్నేహితులు ఎంత ఊదరగొట్టినా నాకు కావాల్సింది ఒకటే, లోపలి నుంచి గడియ పెట్టుకోగలిగిన ఇల్లు. లాడ్జి గది కాదు, పొయ్యి ఉన్న ఇల్లు. మూడు రోజులైనా సరే, అందులో మేమిద్దరమే ఉండాలి. మీలో ఎవరైనా మాలాంటి స్థితిలో ఉంటే ఈ కథనం దగ్గర పెట్టుకోండి, పనికొస్తుంది.

ఊరు ఎంచుకోవడం చుట్టాలను తీసివేసుకుంటూ పోయే లెక్క. కొత్త దంపతులు ఊళ్లోకొచ్చారని తెలిస్తే మావాళ్లు ఊరుకోరు. ఇంటికి పిలిచి విందు పెట్టి, బట్టలు పెట్టి పంపాల్సిందే. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో తినకపోతే ఏళ్ల తరబడి మాటలుండవు. పైగా మాది మేనరికం. మా నాన్న సొంత అక్కే మా అత్త. బావ చుట్టాలంతా నా చుట్టాలే, కొత్తదాన్నని తప్పించుకునే వీలు కూడా లేదు. కడప కుదరదు, ప్రొద్దుటూరు నా పుట్టిల్లు, నంద్యాలలో పెదనాన్న ఉన్నాడు. కర్నూల్లో మాత్రం మనవాళ్లెవరూ లేరని ఇద్దరం ఒట్టేసుకుని మరీ తేల్చుకున్నాం.

ఆదివారం పొద్దున ఆరున్నరకు కడపలో కర్నూలు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఎడమవైపు సీట్లు పట్టుకోండి, తొమ్మిది దాటాక కుడివైపు ఎండ కాల్చేస్తుంది. నా మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. కొంగు నిండా కప్పుకున్నా దాగలేదు. చాగలమర్రిలో ఎక్కిన ఒక పెద్దాయన ఒళ్లో బనగానపల్లె మామిళ్ల బుట్ట పెట్టుకుని మా పక్క వరసలో కూర్చుని, మమ్మల్ని తేరిపార చూశాడు.

"ఏమప్పా, కొత్తగా పెండ్లయిందా? యాడికి పోతాండారు?"

బావకు అబద్ధం ఆడటం చేతకాదు. ఆడాల్సి వస్తే మరీ పెద్దది ఆడతాడు.

"కర్నూలు పెద్దాసుపత్రికి" అన్నాడు.

"అయ్యో! ఎవురికి బాగలేదు?"

నేను బావను చూపించాను. అదే క్షణంలో బావ నన్ను చూపించాడు. పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బుట్టలోంచి రెండు పండ్లు తీసి చెరొకటి ఇచ్చాడు. "సీజను అయిపోవచ్చె, ఇవే ఆఖరి కాయలు. పరగడుపున తినాకండి" అన్నాడు. ఆళ్లగడ్డ దాకా నాకు నవ్వాపుకోవడంతోనే సరిపోయింది. ఆయన దాన్ని దగ్గనుకున్నాడు.

నంద్యాలలో బస్సు పావుగంట ఆగింది. పెదనాన్న ఊరు కదా, దిగకుండా కిటికీలోంచే టీ, వడ తెప్పించుకున్నాం. ఓర్వకల్లు దాటేటప్పుడు రాళ్ల గుట్టలు చూపించి, "ఈడికి ఒక పొద్దు వద్దాం" అన్నాడు బావ. సరేనన్నాను గానీ నా ధ్యాసంతా గడియ మీదే ఉంది. పన్నెండుకు కాస్త ముందు కర్నూలు బస్టాండులో దిగాం.

ఫోనులో చూసి పెట్టుకున్న ఇళ్లు మూడు. ఒక ఆటో మాట్లాడుకుని మూడూ తిరిగాం. మొదటిది పాత ఊళ్లో, కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో. గది చల్లగా ఉంది, గోడలు మందంగా ఉన్నాయి, నాకు నచ్చేసింది. కిటికీ తెరిచాను. మూరెడు దూరంలో పక్కింటి అరుగు మీద నలుగురు ముసలమ్మలు చింతపండు గింజలు తీస్తున్నారు. నలుగురూ తలెత్తారు.

"ఏ ఊరు మ్మా మీది?"

"మాధవరం" అనేశాడు బావ నా వెనక నుంచి.

"మా మనవరాలిని మీ పక్కన సిద్ధవటంలోనే ఇచ్చింది! ఆడ అంగడి రమణయ్య తెలుసునా?"

"తెలుసవ్వా, మా..." అంటుండగానే బావ చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

రెండోది నంద్యాల రోడ్డులో కొత్త అపార్ట్‌మెంటు. నాలుగో అంతస్తు, లిఫ్టు, ఏసీ. కుర్ర ఓనరు తలుపు తీసి, "హనీమూన్ ప్యాకేజీ మేడమ్" అని పక్కకు జరిగాడు. మంచం మీద గులాబీ రేకులు గుండె ఆకారంలో పరిచి ఉన్నాయి. బావ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు రేకులను చూసి, "ఇదంతా ఎవురు ఊడ్చల్ల?" అని అడిగాడు. వంటింట్లో పొయ్యి లేదు, నీళ్లు కాచుకునే కెటిల్ ఒకటే ఉంది. గది నాలుగో గోడ మొత్తం అద్దమే. ఎదురు అపార్ట్‌మెంటు బాల్కనీలో బట్టలారేస్తున్న ఒకావిడ మాకు చెయ్యూపింది. నేనూ ఊపాను. అంతటితో ఆ ఇల్లు అయిపోయింది.

మూడోది బి క్యాంపు అనే పేటలో, చర్చి వెనక వీధిలో మేడ మీద వాటా. కింద ఇంటామె ఉంటారు, రిటైరైన టీచరు మరియమ్మ గారు. తెల్లచీర, మెడలో సన్నని సిలువ, చేతిలో తాళాల గుత్తి. ఆమెను చూడగానే బావ చేతులు కట్టుకున్నాడు. ఆమె మా ఆధార్ కార్డులు చూశారు, నా పసుపుతాడు చూశారు.

"ఆషాఢం ఎప్పుడు?"

"శుక్రవారం నుంచి టీచర్" అన్నాను.

"బుధవారం ఖాళీ చేస్తారు కదా, సరిపాయె. పైన మెట్ల తలుపుకు లోపల గడియ ఉండాది. శానా గట్టిది" అని తాళం నా చేతిలో పెట్టారు.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. ఒక గది, గ్యాసు పొయ్యి ఉన్న చిన్న వంటిల్లు, ముందు మిద్దె, పక్కన వేపచెట్టు కొమ్మలు. అద్దె లాడ్జి కన్నా తక్కువే పడింది. పైకెళ్లగానే గడియ పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. ఆ చప్పుడు ఎంత బాగుందో! బావ గది మధ్యలో నిలబడి, మొట్టమొదటిసారి గొంతెత్తి, "రమా!" అని అరిచాడు. నేను "ఏం బావా!" అని అంతకన్నా గట్టిగా అరిచాను. కింది నుంచి టీచరు, "ఏమైందప్పా?" అన్నారు. నోళ్లు మూసుకుని నేల మీద కూలబడి నవ్వాం.

తప్పు ఆ సాయంత్రమే జరిగింది. బయల్దేరేటప్పుడు అత్త ఒకే మాట చెప్పింది: కొత్తింట్లో పాలు పొంగించకుండా అన్నం వండొద్దు. మూడు రోజుల ఇల్లయినా ఇల్లే కదా. పాలు తెచ్చి, గిన్నెకు పసుపు రాసి, పొయ్యి మీద పెట్టాను. పొంగు వచ్చే సమయానికి బావ మంచి కొడుకులా వాళ్లమ్మకు వీడియో కాల్ కలిపాడు. పాలు తూర్పు వైపు పొంగాయని అత్త మురిసిపోయింది.

"ఇల్లు యాడరా?"

"బి క్యాంపులో మా, చర్చి ఎనక."

"ఓరి నీ! మన సుబ్బరత్నమ్మ కాపురముండేది ఆడనే గదరా! అల్లుడి ఉద్యోగానికని పోయినేడే వచ్చినారే!"

సుబ్బరత్నమ్మ అంటే బావకు వరసకు పిన్ని, నేనూ అలాగే పిలుస్తాను. బావ ఫోను పెట్టేసి నా వైపు చూశాడు. పొంగిన పాలు పొయ్యంతా కారుతున్నాయి, ఎవరూ కదల్లేదు.

సోమవారం ఎనిమిదింటికి వీధి చివర బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకుని వచ్చాం. వేడివేడిగా విప్పామో లేదో మెట్ల తలుపు దబదబ మోగింది. పిన్ని చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు, మొహం నిండా సంతోషం. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మీ అత్త రాత్రే చెప్పె. నేను అందరికీ ఫోను చేసినా. ఈపొద్దు మధ్యాన్నం మా ఇంట్లో, రాత్రి కొత్తపేటలో మా మరిదోళ్లింట్లో. రేపు పొద్దున సి క్యాంపు, మధ్యాన్నం..."

ఆవిడ వేళ్లు మడుస్తూ పోయింది. బావ తలూపుతున్నాడు! "అట్లనే పిన్నీ" అనడానికి నోరు కూడా తెరిచాడు. నాకు ఏడుపొచ్చింది. మూడు రోజుల్లో ఒకటి అప్పుడే అయిపోయింది, మిగిలిన రెండూ నాలుగిళ్ల అరిటాకుల మీద ఆరిపోబోతున్నాయి. అన్నేళ్లూ పెద్దలకు ఎదురు చెప్పని నోరు ఎలా లేచిందో తెలియదు.

"పిన్నీ, మేం ఎవరింటికీ రాము. శుక్రవారం నుంచి ఆషాఢం. మా ఇంట్లో మాకు తలుపు కూడా లేదు. నేనింకా బావతో మాట్లాడనే లేదు పిన్నీ."

బావ బజ్జీ పట్టుకుని రాయిలా కూర్చున్నాడు. పిన్ని నన్ను చూసింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! భుజాలు ఊగిపోయేలా, కళ్ల నీళ్లు కారేలా నవ్వుతోంది.

"నా పెండ్లయినప్పుడు పదైదు ఇండ్లల్లో పెట్టినారు మే విందు. తినీ తినీ మీ చిన్నాయనకు కడుపునొప్పి, నాకు జొరం. ఆషాఢం వచ్చిందాకా ఒకరి పక్కన ఒకరు మూలుగుతా పడుకుంటిమి" అంది కళ్లు తుడుచుకుంటూ. "మీరు యాడికీ పోవద్దు. గడియ ఏసుకోండి. నేను చూసుకుంటా."

ఆవిడ ఎలా చూసుకుందో చెబితే నమ్మరు. మేం పొద్దున్నే శ్రీశైలం వెళ్లిపోయామని అందరికీ చెప్పింది. వండిన వంట వృథా కాకూడదని మిగతా ఇళ్లన్నిటికీ తానే వెళ్లి, మా పేరు మీద తినొచ్చింది. మధ్యాహ్నాలు క్యారియరు కింద టీచరు గారి గేటు దగ్గర పెట్టి, మా వైపు తల కూడా ఎత్తకుండా పోయేది. టీచరు గారు దాన్ని మెట్ల మీదికి చేర్చి, గంభీరంగా, "భోజనం!" అని ఒక్క కేక వేసేవారు.

కర్నూల్లో చూడదగ్గవేమిటని అడిగితే నేను సిగ్గుపడాలి. బురుజును ఆటోలోంచి చూశాం. తుంగభద్ర ఒడ్డుకు ఒక సాయంత్రం వెళ్లాం, నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ. ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి వెళ్లనే లేదు. కానీ మా బావ నిద్రలో కూడా మగ్గం తొక్కుతాడని కనిపెట్టాను. కుడికాలు, ఎడమకాలు, లయ తప్పకుండా. చిత్రాన్నం నాకన్నా బాగా చేస్తాడు. బాగా మాట్లాడతాడు కూడా, ఎంతసేపైనా! ఇంట్లో నోట్లోంచి మాట రాని మనిషి ఈయనేనా అని నేను ముచ్చటపడిపోయాను.

మంగళవారం పొద్దుగూకేవేళ మిద్దె మీద కూర్చున్నాం. చర్చిలో ఎవరో పాట సాధన చేస్తున్నారు. బావ వేపాకు ఈనెలు తీస్తూ తీస్తూ, ఒక్కసారిగా అడిగాడు.

"ఈ పెండ్లి నీకిష్టమేనా? మనం పుట్టినప్పుడే అనుకున్నారని చేసేసినారు. నిన్ను ఎవురూ అడగల్యా. నేను అడగాలంటే, అంతమంది మధ్యలో గుసగుసగా అడిగే మాట కాదాయె."

దీనికోసమే కదా ఇంత దూరం వచ్చాం అనిపించింది. జవాబు మామూలు గొంతుతో చెబితే చాలదనిపించి, "ఇష్టమే!" అని అరిచాను. చర్చిలో పాట ఆగింది. కింద టీచరు గారు ఈసారి ఏమైందని అడగలేదు.

బుధవారం తొమ్మిదికి తాళం అప్పజెప్పాం. టీచరు గారు తాంబూలం ఇవ్వడం తనకు తెలియదంటూ నాకు రెండు జామకాయలు, ఒక జాకెట్టు గుడ్డ పెట్టారు. పదింటి కడప బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. ఆళ్లగడ్డ దాటాక మాటలు తగ్గిపోయాయి. మైదుకూరు క్రాసులో నాన్న నాకోసం మోటారు సైకిలు మీద వచ్చి ఉంటాడు. నేనక్కడ దిగి ప్రొద్దుటూరుకు, బావ అదే బస్సులో కడపకు. అక్కణ్నుంచి నెల రోజులు. బావ చెయ్యి నా చేతిలోనే ఉంది, ఎవరు చూసినా తీయలేదు.

మైదుకూరులో దిగాను. నాన్న బండి దిగి సంచి అందుకోబోయాడు. సంచి నా వెనక బావ చేతిలో ఉంది. బస్సు అప్పటికే కదిలింది.

"ఏమప్పా, నువ్వెందుకు దిగితివి?" అన్నాడు నాన్న.

"సంచి బరువుండాది మామా."

"సరే, ఇచ్చితివి గదా. ఎనకాలే ఇంకో బస్సుండాది, పో."

"పోతా. కానీ ఇంటిదాకా తెచ్చి ఇస్తే మర్యాదగా ఉంటాది" అని బావ గొంతు సవరించుకున్నాడు. మూడు రోజుల్లో బాగా అలవాటైన గొంతు, నాలుగు రోడ్ల కూడలి మొత్తానికీ వినిపించింది. "మీ ఇంటికొచ్చి మళ్లా మాధవరం చేరేతలికి పొద్దుగూకుతాది. రేపు అమావాస్య, ప్రయాణం చెయ్యకూడదని నువ్వే అంటావు గదా మామా. ఎల్లుండి తెల్లారకముందే, ఆషాఢం ఎండ పడకముందే, ఫస్టు బస్సుకు పోతా. పడుగు కూడా ఎల్లుండే వచ్చేది."

నాన్న నోరు తెరిచాడు. బావ అన్నవన్నీ ఎప్పుడూ ఆయన చెప్పే మాటలే. అల్లుణ్ని చూశాడు, నన్ను చూశాడు. నేను నేల చూశాను.

"ఒగదానికే గదా అని బండి తెస్తిని" అని గొణిగి, ట్యాంకు మీదికి జరిగి కూర్చున్నాడు. "ఎక్కండి, ఎక్కండి. మీ అమ్మకు ఫోను చెయ్యి మే, బియ్యం ఇంకో గ్లాసు ఎక్కువ పొయ్యమని."