భుజం మీద డ్రాగన్

ఆ రోజుల్లో, అంటే భీమవరం చుట్టూ వరిచేలు ఒక్కొక్కటిగా రొయ్యల చెరువులవుతున్న రోజుల్లో, నేను ఎనిమిదో తరగతి చదువుతూ కరాటే నేర్చుకునేదాన్ని. (నేర్చుకుంటున్నానని నా అభిప్రాయం. మాష్టారి అభిప్రాయం వేరు.) భుజం మీద చిహ్నం లేని యూనిఫాం ఉత్త పైజామాతో సమానమని మాష్టారి నమ్మకం. అందుకని వెలిసిపోయిన జిరాక్సు కాగితం మీది డ్రాగన్ బొమ్మని ఎంబ్రాయిడరీ ఆయనకిచ్చారు. పాపం, ఆయన రొయ్యల మేత కంపెనీ టోపీలు కుట్టీ కుట్టీ చెయ్యి తిరిగినవాడు, డ్రాగన్ని ఎన్నడూ చూసినవాడు కాదు. దాంతో మా ఇరవైమంది భుజాల మీదా పొడుగు మీసాలతో, వంగిన నడుంతో రొయ్య వెలిసింది. (ఎర్రదారం వాడాడు కాబట్టి, ఉడికించిన రొయ్య.)

"డ్రాగనే! సరిగ్గా చూడండర్రా," అన్నారు మాష్టారు. బెల్టు పరీక్షకి కాకినాడ నుంచి వచ్చే పెద్ద మాష్టారు చిహ్నానికి అర్థం తప్పకుండా అడుగుతారట. "డ్రాగనండి, బలానికి గుర్తండి" అని వారం రోజులు మాచేత వల్లె వేయించారు.

నా ఖర్మ కొద్దీ మొదట నన్నే పిలిచారు. పెద్ద మాష్టారు కళ్లజోడు సర్దుకుని, "ఇదేంటమ్మా?" అన్నారు. సెలవులన్నీ బాబాయి చెరువుగట్టున గడిపిన నా నోరు, "రొయ్యండి" అనేసింది. హాలంతా గొల్లుమంది. పిడికిలితో పెంకులు పగలగొట్టే మా మాష్టారు తల దించుకున్నారు. ఆయన్నలా ఎప్పుడూ చూడలేదేమో, నాకు ఏడుపొచ్చింది.

"మరి రొయ్యకి అర్థమేంటి?" అన్నారు పెద్ద మాష్టారు.

"మీదికొస్తే ముందు తోక కొట్టి వెనక్కి దూకేస్తుందండి. అయినా పట్టుకుంటే తలమీది ముల్లు గుచ్చుతుందండి. మా మాష్టారూ అంతేనండి, ముందు తప్పుకోమంటారు, తప్పనప్పుడే కొట్టమంటారు." (చివరిది అబద్ధం. ఆయనెప్పుడూ ముందు కొట్టమనే చెప్పేవారు.)

పెద్ద మాష్టారు నవ్వలేదు. మా మాష్టారి వైపు తిరిగి, "కరాటే అంటే అదేనండి. పిల్లలకి చక్కగా చెప్పారు," అన్నారు.

"ఏదోనండి, మొదట్నుంచీ అదే చెబుతున్నానండి," అన్నారు మాష్టారు, ఎన్నడూ లేనంత వినయంగా.

తర్వాత నేను ఎడమకి తిరగమంటే కుడికి తిరిగినా పసుపు బెల్టు ఇచ్చేశారు. బయటికొచ్చాక మాష్టారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ ముల్లు సంగతి ఇంకోసారి చెప్పు, రాసుకుంటాను," అన్నారు.

పసుపు దాటి నేను పైకి పోలేదు. ఇప్పుడు ఆఫీసులో ఎవరేమడిగినా బాగా ఆలోచించి మరీ తప్పు సమాధానం చెబుతుంటాను. ఒక్క నిమిషంలో ఒక నిజమూ ఒక అబద్ధమూ చెప్పి ఇద్దరు మాష్టార్లనీ గెలిచిన ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.